చెన్నై నీటిలో చిన్న సిక్లిడ్‌లు: మొదటిసారి పెంచేవారు ఏ చేపతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: పెరంబూరు వాసి

అందరికీ నమస్కారం. చెన్నై పెరంబూరులో మూడో అంతస్తులో ఉన్న మా ఇంట్లో గప్పీలు, మోలీలు ఉన్న ట్యాంకు ఒకటి కొంతకాలంగా ఇబ్బంది లేకుండా నడుస్తోంది. అవి పిల్లలను పెడతాయి గాని ఆ తర్వాత వాటిని పట్టించుకోవు, దొరికితే తినేస్తాయి కూడా. గుడ్లు పెట్టిన చోటును వదలకుండా కాపలా కాసి, పిల్లలను వెంటబెట్టుకుని ట్యాంకంతా తిప్పే చిన్న సిక్లిడ్‌ల (సిక్లిడ్ అనేది ఒక చేపల కుటుంబం) గురించి చదివినప్పటి నుంచి వాటిని పెంచాలని, వీలైతే ఒక్క విడత పిల్లలనైనా నా చేతులతో పెద్దవి చేయాలని మనసు లాగుతోంది.

ఇందుకోసం 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న కొత్త ట్యాంకు తెచ్చి పెట్టాను. అందులో ఇంకా నీళ్లు పోయలేదు. కొళత్తూరు దుకాణాల్లో జర్మన్ బ్లూ రామ్‌లనే చిన్న సిక్లిడ్‌లను చూసి ముచ్చటపడ్డాను. అయితే ఒక దుకాణదారు అవి మన నీటిలో నిలవవని చెప్పారు, పక్క వీధిలోని మరొకరు ఏ నీటికైనా అలవాటు పడతాయని చెప్పారు.

మాకు బోరు నీళ్లు, మెట్రో వాటర్ (నగర నీటి సరఫరా) రెండూ వస్తాయి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే బోరు నీళ్లు 900 దగ్గర, మెట్రో నీళ్లు 350కీ 400కీ మధ్య, వంటగదిలోని ఆర్వో నీళ్లు 50 దగ్గర చూపిస్తున్నాయి. మెట్రో నీళ్ల పీహెచ్ దాదాపు 8 ఉంటోంది. ఎండాకాలంలో పాత ట్యాంకులోని నీరు 32 డిగ్రీల దాకా వెళుతుంది.

ఇలాంటి ఇంట్లో ఏ చేపతో మొదలుపెట్టడం మంచిది? నీటిని ఎంతవరకు మార్చాలి? గుడ్లు పెట్టాక వాటిని వేరు చేయాలా, తల్లికే వదిలేయాలా? అనుభవం ఉన్నవారు కాస్త వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.


జవాబు: కొబ్బరిచిప్ప, మాధవరం

పెరంబూరు వాసి గారూ, ట్యాంకులో నీళ్లు పోయకముందే అడిగారు కాబట్టి అన్నీ మొదటి నుంచి మాట్లాడుకోవచ్చు. నా అభిప్రాయం ముందే చెబుతాను. మొదటిసారి పెంచేవారు తమకు నచ్చిన చేప కోసం నీటిని మార్చే పని పెట్టుకోకూడదు, తమ కుళాయిలో వచ్చే నీటికీ తమ ఊరి ఎండకూ తగిన చేపనే ఎంచుకోవాలి. నీటిని మార్చడమంటే ఒక రోజుతో అయిపోయే పని కాదు, వారం వారం నీళ్లు తీసి పోసినప్పుడల్లా అదే కొలతలో కలపాలి. కఠిన జలాన్ని తట్టుకోగల చేపలు కూడా ఈ వారం ఒక రకం నీరు, వచ్చే వారం ఇంకో రకం నీరు అయితే తట్టుకోలేవు.

రామ్ పుట్టిల్లు వెనిజులా, కొలంబియా దేశాల్లోని ఒరినోకో నదీ మైదానాలు. అక్కడి నీరు వెచ్చగా, లవణాలు చాలా తక్కువగా, కొంచెం ఆమ్లగుణంతో ఉంటుంది. దానికి 27 నుంచి 30 డిగ్రీల వేడి హాయిగా ఉంటుంది కాబట్టి మన ఎండ వల్ల దానికి పెద్దగా ఇబ్బంది లేదు, ఇబ్బందంతా మన నీటి కఠినత్వం వల్లనే. పైగా రంగు కోసం ఫారాల్లో తరతరాలుగా దగ్గరి రక్తసంబంధంలోనే జత కట్టించిన రామ్‌లు బలహీనంగా ఉంటాయి, బాగా చూసుకున్నా సాధారణంగా రెండు మూడేళ్లే బతుకుతాయి, వాటిలో చాలా జతలు తమ గుడ్లను తామే తినేస్తాయి. తల్లి కాపలాను కళ్లారా చూడాలన్నది మీ కోరిక. ఆ కోరిక రామ్‌తో తీరే అవకాశం తక్కువని గట్టిగా చెప్పగలను.

మీకు నేను సూచించేది అపిస్టోగ్రామా కకటువాయిడీస్. దుకాణంలో కాకటూ అపిస్టో అని అడిగితే చూపిస్తారు. ఇది పెరూ వైపున్న అమెజాన్ ఉపనదుల చేప. మగది ఎక్కువలో ఎక్కువ 8 సెంటీమీటర్లు, ఆడది 5 సెంటీమీటర్లు పెరుగుతుంది. అపిస్టోగ్రామా జాతుల్లో చాలావాటికి మృదు జలమే కావాలి గాని, ఇది మాత్రం పీహెచ్ 7 దాటినా, ఒక మోస్తరు కఠినత్వం ఉన్నా ఆరోగ్యంగా పెరిగి గుడ్లు కూడా పెడుతుంది. అగసిజీ వంటి దాని బంధువులు అందంగానే ఉంటాయి, కానీ వాటిని రెండో మెట్టుగా ఉంచుకోండి.

నీటి విషయంలో మీ బోరు నీళ్లను పూర్తిగా పక్కన పెట్టండి. ఒక సంగతి గమనించాలి: టీడీఎస్ మీటరు చూపించేది నీటిలో కరిగిన లవణాలన్నిటి మొత్తాన్ని మాత్రమే, అందులో కఠినత్వానికి కారణమైన కాల్షియం, మెగ్నీషియం ఎంతో, ఉప్పుకు సంబంధించిన సోడియం ఎంతో అది విడదీసి చెప్పదు. సముద్రతీర నగరంలో ఈ తేడా చిన్నది కాదు. అందుకని జీహెచ్ (మొత్తం కఠినత్వం), కేహెచ్ (కార్బొనేట్ కఠినత్వం) కొలిచే చుక్కల మందు కిట్ ఒకటి కొనండి, చేపలు కొనే ముందే కొనండి. అపార్ట్‌మెంటులో సాఫ్ట్‌నర్ ఉంటే అది కాల్షియాన్ని తీసి సోడియాన్ని పెడుతుంది, కాబట్టి ఆ నీటిని చేపలకు మృదు జలమని అనుకోవద్దు.

పెంచడం వరకు మీ మెట్రో నీళ్లు చాలు. గుడ్లు పెట్టించే నెలల్లో మాత్రం రెండు పాళ్ల మెట్రో నీళ్లకు ఒక పాలు ఆర్వో నీళ్లు కలపండి, టీడీఎస్ 250కీ 280కీ మధ్యకు దిగుతుంది, ఈ చేపకు అంతకన్నా అవసరం లేదు. ఆర్వో నీళ్లు మాత్రమే పోస్తే కేహెచ్ దాదాపు సున్నా అవుతుంది. పీహెచ్‌ను నిలబెట్టేది ఆ కేహెచ్ కాబట్టి, అది లేని ట్యాంకులో పీహెచ్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. మెట్రో నీళ్లు కూడా ఏడాది పొడవునా ఒకేలా ఉండవు. పూండి, పుళల్, చెంబరంబాక్కం చెరువుల నీళ్లు, వీరాణం నీళ్లు, కండలేరు నుంచి తెలుగు గంగ కాలువలో వచ్చే మన కృష్ణా నీళ్లు, మీంజూరు, నెమ్మేలిలలో సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసిన నీళ్లు, ఇవన్నీ ఈ నగరానికి ఆధారాలే. కాబట్టి నీళ్లు మార్చే ప్రతిసారీ మీటరు పెట్టి చూడడం అలవాటు చేసుకోండి. క్లోరిన్ పోవడానికి బకెట్టులో ఒక రోజు నిలవ ఉంచండి, లేదా దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేట్ వాడండి.

కొత్త ట్యాంకులో చేపలను వెంటనే వేయవద్దు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గానూ, దానిని నైట్రేట్‌గానూ మార్చే బాక్టీరియా ఫిల్టరులో స్థిరపడడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీకు నడుస్తున్న ట్యాంకు ఒకటి ఉంది కాబట్టి పని సులువు. కొత్త స్పాంజి ఫిల్టరును కొన్ని వారాల పాటు పాత ట్యాంకులో పాత ఫిల్టరు పక్కనే నడిపించి, తర్వాత కొత్త ట్యాంకులోకి మార్చండి. మన ఊళ్లో దీనిని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి కారణం ఉంది: పీహెచ్, వేడి రెండూ పెరిగిన కొద్దీ అమ్మోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది. పీహెచ్ 8, వేడి 31 డిగ్రీలు ఉన్న చెన్నై ట్యాంకులో కొద్దిపాటి అమ్మోనియా చేసే హాని, పీహెచ్ 6.5 ఉన్న చల్లని ట్యాంకులో అంతే అమ్మోనియా చేసే హాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

అడుగున సన్నని ఇసుక పరచండి, ఎందుకంటే ఇవి ఇసుకను నోటితో తీసుకుని జల్లించి తినే చేపలు. ఆడ చేప దూరగలిగి, మగ చేప దూరలేనంత చిన్న ద్వారం ఉన్న గుహలు కావాలి. సగం కొబ్బరి చిప్పను బోర్లించి అంచున చిన్న రంధ్రం చేస్తే అంతకన్నా మంచి గుహ దొరకదు, పైని పీచు, లోపలి కొబ్బరి పూర్తిగా గీకి, నీటి రంగు తగ్గేదాకా ఉడకబెట్టి వాడండి. ఒక ఆడ చేప ఉన్నా రెండు మూడు గుహలు పెట్టండి, ఏది నచ్చుతుందో ఎంచుకునేది అదే. మన వీధుల్లోని బాదం చెట్ల కింద రాలి ఎండిన ఆకులను కడిగి అడుగున పరిస్తే పిల్లలకు దాక్కునే చోటు, వాటిపై పెరిగే సూక్ష్మజీవుల రూపంలో తిండి రెండూ దొరుకుతాయి. కేహెచ్ ఎక్కువగా ఉన్న నీటిలో ఆ ఆకుల వల్ల పీహెచ్ పెద్దగా తగ్గదు, తగ్గాలని ఆశించి గుప్పెళ్ల కొద్దీ వేయకండి.

2 అడుగుల ట్యాంకుకు ఒక మగ, ఒక ఆడ చాలు. ఒక మగ చేపకు ఇద్దరు ముగ్గురు ఆడ చేపలతో కాపురం చేయడం దీని సహజ లక్షణమే అయినా, అందుకు ప్రతి ఆడ చేపకూ సొంత హద్దు దొరికేంత నేల, అంటే కనీసం 3 అడుగుల ట్యాంకు కావాలి. దుకాణంలో రంగు రెక్కలున్న పెద్ద మగ చేపలనే ముందు చూపిస్తారు. మీరు వయసులో చిన్నవి, చురుకుగా ఇసుక తవ్వుతున్నవి, పొట్ట లోపలికి పోనివి చూసి తీసుకోండి. ఇంటికి తెచ్చాక రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి, తెల్లని దారంలాంటి మలం గాని, మలద్వారం దగ్గర ఎర్రని పురుగులు గాని కనిపిస్తున్నాయేమో చూడండి.

గుడ్లను వేరు చేయాలా అని అడిగారు. వద్దని నా సలహా. ఆడ చేప గుహ పైకప్పుకు గుడ్లను అంటిస్తుంది. ఆ రోజుల్లో దాని ఒళ్లంతా పసుపు రంగుకు తిరిగి, నల్లని గుర్తులు స్పష్టంగా తేలతాయి, అప్పటిదాకా తనకన్నా పెద్దదైన మగ చేపకు బెదిరిన ఆ చిన్న ప్రాణి అదే మగ చేపను గుహ దరిదాపులకు రానివ్వదు. మూడు నాలుగు రోజుల్లో గుడ్లు పగులుతాయి, మరో వారానికల్లా పిల్లలు ఈదడం మొదలుపెడతాయి. తల్లి రెక్కలు కదిపితే పిల్లలన్నీ ఒక్కసారిగా ఇసుకకు అతుక్కుని కదలకుండా ఉండిపోతాయి, ప్రమాదం తప్పిందని అది సూచించాక మళ్లీ లేస్తాయి. మొదటి విడత గుడ్లను చాలా తల్లులు తినేస్తాయి, అందుకు కంగారుపడి రెండో విడతను లాక్కోవద్దు. మగ చేప రెక్కలు చిరిగి మూలన నక్కి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా దానిని వేరే ట్యాంకులోకి మార్చండి.


జవాబు: నీటినాచు, బెంగళూరు

కొబ్బరిచిప్ప గారు చెప్పిన వాటిలో చాలావాటితో ఏకీభవిస్తాను, రామ్ విషయంలో మాత్రం కొంత భేదిస్తాను. రామ్‌లు అన్నీ ఒకటి కావు. మన నగరాల్లోనే ఇంట్లో పెంచేవారి దగ్గర, వారి కుళాయి నీటిలోనే పుట్టి పెరిగిన పిల్లలు దొరికితే వాటికి ఓర్పు ఎక్కువ ఉంటుంది. దూరదేశపు ఫారం నుంచి మృదు జలంలో వచ్చి, నాలుగు చేతులు మారి, దుకాణం తొట్టిలో చేరిన వాటితో వీటిని పోల్చలేం. నేను బెంగళూరులో కావేరి నీళ్లతో వాటిని పెంచుతున్నాను. ఇక్కడి చిక్కు మీ చిక్కుకు పూర్తిగా వ్యతిరేకం, చలికాలపు రాత్రుల్లో నీరు రామ్ భరించలేనంత చల్లబడుతుంది కాబట్టి హీటరు తప్పనిసరి. అయితే కఠిన జలంలో పెద్ద చేపలు బతికినా గుడ్లు సరిగా ఫలదీకరణ చెందవు, పొదగవు అన్నది నిజం. అందువల్ల పెంపకం మొదలుపెట్టే చేపగా రామ్‌ను నేనూ సూచించను, రెండో ఏడాదికి ఉంచుకోమంటాను.

అసలు నేను రాయాలనుకున్నది వేడి గురించి. అపిస్టోగ్రామా పిల్లల్లో ఎన్ని మగవి, ఎన్ని ఆడవి అవుతాయన్నది పుట్టుకతోనే పూర్తిగా తేలిపోయే విషయం కాదు. మొదటి వారాల్లో అవి పెరిగిన నీటి వేడి దానిని చాలావరకు ప్రభావితం చేస్తుంది, కొన్ని జాతుల్లో పీహెచ్ ప్రభావమూ ఉంటుంది. రోమర్, బైసెన్‌హెర్జ్ అనే శాస్త్రవేత్తలు అనేక అపిస్టోగ్రామా జాతుల పిల్లలను వేర్వేరు వేడిమిలో పెంచి 1996లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని స్పష్టం చేసింది. వేడి పెరిగిన కొద్దీ మగ పిల్లల శాతం పెరుగుతుంది, చల్లని నీటిలో ఆడ పిల్లలు ఎక్కువవుతాయి. చెన్నైలో మే నెలలో 31, 32 డిగ్రీల నీటిలో ఒక విడతను పెంచారంటే, మూడు నెలల తర్వాత ట్యాంకు నిండా ఒకదానితో ఒకటి తగవులాడే మగ చేపలే మిగిలే అవకాశం ఉంది, తర్వాతి తరానికి ఆడ చేప దొరకదు.

కాబట్టి మీ ఊళ్లో వీటికి గుడ్లు పెట్టించే కాలం కార్తీకం నుంచి మాఘం దాకా అని పెట్టుకోండి. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక ఇంట్లోని నీరు దానంతటదే 25, 26 డిగ్రీలకు దిగుతుంది, ఏ యంత్రమూ అక్కరలేదు. ఎండాకాలాన్ని పెద్ద చేపలకు విశ్రాంతి కాలంగా భావించి, గుహలు తీసేసి, తిండి కాస్త తగ్గించి గడపండి. రోహిణీ కార్తె నాటికి నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, అయితే గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో మీ ఊళ్లో అంత ఫలితం కనిపించకపోవచ్చు. అలా ఆవిరైన నీటికి బదులు మాత్రం ఆర్వో నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీరే, లవణాలన్నీ ట్యాంకులోనే ఉండిపోతాయి. మెట్రో నీళ్లతో నింపుతూ పోతే ఎండాకాలం ముగిసేసరికి కఠినత్వం ఎంతో పెరిగి ఉంటుంది.

ఆర్వో నీళ్లు కలపడం వీలుకాని ఇంట్లో ఉండేవారికి పశ్చిమ ఆఫ్రికాకు చెందిన క్రిబెన్సిస్ అనే సిక్లిడ్ కూడా మంచిదే. తల్లీ తండ్రీ ఇద్దరూ పిల్లలను కాస్తాయి, గుడ్లు పెట్టే సమయానికి ఆడ చేప పొట్ట ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది. అయితే మగది 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పిల్లలున్నప్పుడు 2 అడుగుల ట్యాంకులో వేరే ఏ చేపనూ బతకనివ్వదు. ఆ జత ఒక్కటే ఉండేలా అయితేనే తీసుకోండి.


జవాబు: ఇసుకతిన్నె, రాయపురం

ఇసుక గురించి ఒక్క మాట. సముద్రపు ఇసుక తేవద్దు. అందులోని గవ్వల ముక్కలు కరుగుతూ కఠినత్వాన్ని పెంచుతూనే ఉంటాయి. ఇల్లు కట్టేవారి దగ్గర దొరికే నది ఇసుకను జల్లెడ పట్టి, తేట నీరు వచ్చేదాకా కడిగి, గుప్పెడు ఇసుక మీద వెనిగర్ పోసి చూడండి. నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే. రాళ్లకూ ఇదే పరీక్ష చేయండి. ఎం శాండ్ (రాయిని పొడి చేసి తయారుచేసే ఇసుక) అంచులు పదునుగా ఉంటాయి, నోటితో ఇసుక జల్లించే చేపలకు అది పనికిరాదు.


పెరంబూరు వాసి

అందరికీ కృతజ్ఞతలు. కాకటూ అపిస్టోతోనే మొదలుపెట్టి, గుడ్లు పెట్టించడం వానాకాలం వచ్చాకనే అన్న నిర్ణయానికి వచ్చాను. ఇంకా మూడు సందేహాలు ఉన్నాయి. మన దేశపు చిన్న సిక్లిడ్ ఒకటి ఉందని, అది కఠిన జలాన్ని ఇష్టపడుతుందని ఎక్కడో చదివాను, దాని గురించి ఎవరికైనా తెలుసా? ట్యాంకు మరీ ఖాళీగా ఉండకుండా అపిస్టోలతో పాటు ఏ చేపలను ఉంచవచ్చు? పిల్లలు ఈదడం మొదలుపెట్టాక మొదటి తిండి ఏమిటి?


జవాబు: చిన్నచేప, తిరువాన్మియూరు

మీరు చదివింది ఆరెంజ్ క్రోమైడ్ గురించి అయి ఉంటుంది. భారతదేశానికి సహజమైన సిక్లిడ్‌లు మూడే మూడు. కేరళ వారు ఇష్టంగా తినే కరిమీను, కర్ణాటకలో మాత్రమే కనిపించే దాని దగ్గరి బంధువు, ఆ రెంటి కన్నా చిన్నదైన ఈ ఆరెంజ్ క్రోమైడ్. ఇది దక్షిణ భారతదేశంలోనూ శ్రీలంకలోనూ ఉప్పుకయ్యల్లో, నదీముఖాల్లో, మంచినీటిలో కూడా బతుకుతుంది. సుమారు 8 సెంటీమీటర్లు పెరుగుతుంది. రామ్, అపిస్టోల వంటి సిక్లిడ్‌లకు మనం నీటిలోని లవణాలను తగ్గించాలని తంటాలు పడుతుంటే, దీనికి మృదు జలమే సరిపడదు. పెరంబూరు వాసి గారి మెట్రో నీళ్లలో పిసరంత కూడా మార్చనవసరం లేదు.

ఇంతమంది ఇన్ని విదేశీ చేపల వెంట పడుతూ మన నీళ్లలో పుట్టిన దీనిని చూడకుండా దాటిపోవడం నాకు బాధ కలిగించే విషయం, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. దీని పిల్లల పెంపకం ఆశ్చర్యం గొలుపుతుంది. తల్లీ తండ్రీ కలిసి గుడ్లను కాస్తాయి, రెక్కలతో వాటి మీదికి నీటిని విసురుతూ ఉంటాయి. పిల్లలు ఈదడం మొదలయ్యాక తల్లిదండ్రుల ఒంటి మీద ఊరే జిగురును కొద్దికొద్దిగా కొరుక్కుని తింటాయి. దక్షిణ అమెరికాకు చెందిన డిస్కస్ చేప గురించి ఇదే సంగతిని అబ్బురంగా చెప్పుకుంటారు, అదే పని మన చెరువుల చేప కూడా చేస్తుంది. ఈ కారణంగా పిల్లలను తల్లిదండ్రుల నుంచి తొందరపడి వేరు చేయకూడదు.

దీనిని అపిస్టోతో కలిపి పెట్టే ఆలోచన మాత్రం చేయకండి. నీటి అవసరాలు వేరు, స్వభావాలూ వేరు. చిన్న గుంపుగా తెచ్చి, వాటంతట అవే జత కట్టేదాకా ఆగాలి, అందుకు 3 అడుగుల ట్యాంకు కావాలి. దుకాణాల్లో నీరసమైన బూడిద రంగులో కనిపిస్తే నిరాశపడవద్దు, ఇంట్లో కుదుటపడి జత కట్టాక అదే చేప నారింజ పసుపులో మెరుస్తుంది.


జవాబు: కొబ్బరిచిప్ప, మాధవరం

చిన్నచేప గారు రాసింది అక్షరాలా నిజం. పెద్ద ట్యాంకు ఉన్నవారికి నేనూ అదే చెబుతాను.

తోడు చేపల సంగతి. పైభాగంలో తిరిగే చిన్న టెట్రాలు ఐదారు ఉంటే అపిస్టోలకు భయం తగ్గి బయట తిరుగుతాయి, ఎంబర్ టెట్రా వంటి చిన్న నోటి చేపలైతే మేలు. పిల్లలను పెద్దవి చేయడమే ముఖ్యం అనుకున్న విడతలో అవి కూడా ఉండకూడదు, ఎందుకంటే దారి తప్పిన పిల్లను అవి వదలవు. అడుగున తిరిగే మీసాల చేపలైన కోరీలను, బ్రిసిల్‌నోస్ వంటి ప్లెకోలను ఈ ట్యాంకులో అసలే వేయవద్దు. రాత్రి చీకట్లో తల్లికి కళ్లు కనిపించనప్పుడు అవి గుహలో దూరి గుడ్లను ఊడ్చేస్తాయి. పగలు తల్లి దాడికి కోరీల కళ్లు పోయిన సందర్భాలూ ఉన్నాయి.

మొదటి తిండి అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవి. దీనికి సాటి వచ్చే తిండి లేదు. లీటరు నీటికి 25 గ్రాముల రాళ్ల ఉప్పు కలిపి, అడుగు కోసి తలకిందులు చేసిన ప్లాస్టిక్ సీసాలో పోసి, చిటికెడు ఆర్టీమియా గుడ్లు వేసి, ఎయిర్ పంపు గొట్టం అడుగు దాకా దించి గాలి బలంగా వదలండి. మన వాతావరణంలో ఒక పగలూ ఒక రాత్రీ గడిచేసరికి పొదుగుతాయి. గాలి ఆపి, సీసా కింది వైపు దీపం పెడితే పిల్ల ఆర్టీమియా వెలుగు దగ్గరికి చేరతాయి, గుడ్ల పెంకులు పైకి తేలతాయి. సన్నని బట్టలో వడకట్టి, మంచినీటితో కడిగి, పిచికారీతో పిల్లల గుంపు దగ్గర వదలండి. రోజుకు రెండు మూడు సార్లు, కొద్దికొద్దిగా వేయాలి. తిన్న పిల్లల పొట్టలు నారింజ రంగులో కనిపిస్తాయి. కనిపించకపోతే తిండి అందలేదని అర్థం. ప్రతిరోజూ కొత్తగా పొదిగించాలి, ఎందుకంటే ఒక రోజు దాటితే ఆర్టీమియాలోని పోషక పదార్థం దానికే ఖర్చయిపోతుంది. అందుకని ఒక సీసా వాడుతుండగా రెండో సీసా పెట్టి ఉంచుకోండి. తల్లి పసుపు రంగుకు తిరిగిన రోజునే గుడ్ల డబ్బా ఇంట్లో ఉందో లేదో చూసుకోండి, పిల్లలు ఈదాక కొళత్తూరుకు బయలుదేరితే ఆలస్యమవుతుంది.

పెద్ద చేపలకు గడ్డకట్టిన బ్లడ్‌వార్మ్ (ఎర్రని పురుగులు), మొయినా (నీటిలో ఉండే అతి చిన్న జీవి), మంచి గుళికల తిండి మార్చి మార్చి వేయండి. దుకాణాల్లో చవకగా దొరికే సజీవ ట్యూబిఫెక్స్ పురుగులు మురుగు కాలువల్లో పెరిగేవి, వాటితో రోగాలు వస్తాయి కాబట్టి నేను వాడనివ్వను.

పిల్లలున్న ట్యాంకులో ఒక్కసారిగా ఎక్కువ నీరు మార్చకుండా, రోజూ కొద్దిగా, సన్నని గొట్టంతో తీసి, అదే కొలత నీటిని బొట్లుబొట్లుగా చేర్చండి. ఫిల్టరు స్పాంజిదే ఉండాలి, లాగే గొట్టం ఉన్న ఫిల్టరు పిల్లలను మింగేస్తుంది. మనం పిల్లలు తీయించాలనుకుంటున్న నెలలే ఈ నగరానికి తుపానుల నెలలు కూడా. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు చాలా పేటల్లో కరెంటు రోజుల తరబడి లేదు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని, కార్తీకం రాకముందే ఛార్జి చేసి ట్యాంకు పక్కన పెట్టుకోండి. కరెంటు పోయిన రోజుల్లో పెద్ద చేపలకు తిండి ఆపేయవచ్చు, పిల్లలకు మాత్రం కొద్దిగానైనా వేయక తప్పదు.

పిల్లలు సెంటీమీటరు దాటి సొంతంగా తిరగడం మొదలయ్యాక తల్లి వాటిని తరమడం మొదలుపెడుతుంది. మళ్లీ గుడ్లు పెట్టడానికి అది సిద్ధమవుతోందన్న మాట. వాటిని వేరు చేయవలసిన సమయం అదే. మీ గప్పీల ట్యాంకు కాకుండా ఇంకో తొట్టి అప్పటికి సిద్ధంగా ఉండాలి. ఎక్కువైన పిల్లలను పెంచేవారికి ఇవ్వండి, దుకాణాలూ తీసుకుంటాయి. చెరువులోనో కాలువలోనో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలవద్దు, అలా వదిలిన ప్లెకోలు మన రెండు రాష్ట్రాల చెరువుల్లోనూ తమిళనాడు చెరువుల్లోనూ వలలు చింపుతూ జాలరులను ఎంత బాధిస్తున్నాయో చూస్తూనే ఉన్నాం. చేపలు తెచ్చాక జీహెచ్, కేహెచ్ అంకెలతో పాటు ట్యాంకు ఫొటో ఇక్కడ పెట్టండి, గుహలు ఎక్కడ ఉంచాలో చూసి చెబుతాను.